నీటిమాటున టార్పెడో

ఫిరంగి గుండు ఎక్కడ పడినదో పేల్చినవానికి కనిపిస్తుంది. గురికి ఇవతల పడితే ఇవతల నీళ్ళు ఎగజిమ్ముతవి. దాటిపోతే ఆవల ఎగజిమ్ముతవి. ఆ గుర్తును చూచి అతడు గొట్టాన్ని సవరించుకొని మరల పేలుస్తాడు. టార్పెడో సంగతి అట్లా కాదు. గొట్టాన్ని విడిచినది మొదలు ఓడను తాకేవరకు అది నీటిలోపల తనంత తాను పోవలసినదే. ఎంత లోతున పోతున్నదో, తిన్నగా పోతున్నదో లేదో, ఓడను తాకి కూడ ప్రేలక ఊరుకున్నదో, ఓడ అడుగునుండి దాటిపోయినదో వదలినవానికి తెలియదు. అతనికి తెలిసేది ఒక్కటే: ప్రేలుడు వినవచ్చినదా, లేదా? వినరాకపోతే తప్పు తన గురిదో, ఆయుధానిదో తేల్చగల సాక్ష్యం సముద్రగర్భంలో కలిసిపోతుంది. గత నూటయేబది సంవత్సరాలలో ఈ ఆయుధం ముంచిన నౌకల లెక్క చాల పెద్దది. కాని దాని చరిత్రలో అంతకంటె ఆలోచింపదగిన భాగం, అది ముంచవలసి ఉండి ముంచలేకపోయిన నౌకలది. ఆ వైఫల్యానికి నింద మోసిన నావికులది.

పేరు సంగతి ముందు చెప్పుకొందాము. తాకినవారిని విద్యుద్ఘాతంతో మొద్దుబార్చే ఒక జాతి చేపకు లాటిను భాషలో టార్పెడో అని పేరు. 19వ శతాబ్ది ఆరంభంలో అమెరికా యంత్రశిల్పి రాబర్ట్ ఫుల్టన్ ఆ పేరును నీటిలో ప్రేలే మందుపెట్టెలకు వాడినాడు. అమెరికా అంతర్యుద్ధకాలంలో టార్పెడో అంటే లంగరువేసి నీటిలో నిలిపిన మైను. లేదా పడవ ముక్కున పొడుగాటి వాసానికి కట్టిన మందుడబ్బా. 1864 ఫిబ్రవరి 17వ తేదీ రాత్రి చార్లెస్టన్ రేవు వెలుపల, మనుష్యులు చేతులతో త్రిప్పి నడిపే హన్లీ అనే చిన్న జలాంతర్గామి అట్టి వాసంతో హూసటానిక్ అనే యుద్ధనౌకను పొడిచి ముంచినది. జలాంతర్గామి చేతిలో యుద్ధనౌక మునగడం అదే మొదలు. కాని హన్లీ కూడ తిరిగి రాలేదు. దానిలోని 8మందీ మరణించినారు. శత్రువును ముంచడానికి అతని ప్రక్కకే పోవలసి ఉన్నంతకాలం ఈ ఆయుధం ఆత్మహత్యకు ఒక సాధనంగానే ఉండినది.

ఆ చిక్కును విప్పినది ఒక ఓడరేవు పట్టణంలోని యంత్రశాల. ఏడ్రియాటిక్ సముద్రతీరాన ఉన్న ఫ్యూమే అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోనిది. నేడు క్రొయేషియాలో రియేకా అని పిలువబడుతున్నది. జొవానీ లూపిస్ అనే విశ్రాంత నౌకాధికారి తీరరక్షణకోసం ఒక నమూనాతో అక్కడి యంత్రశాలకు వచ్చినాడు. ముక్కున మందు పెట్టుకొని నీటిపైన తేలుతూ పోయే చిన్నపడవ అది. ఒడ్డునుండి త్రాళ్ళతో దానికి దారి చూపాలి. యంత్రశాల నిర్వాహకుడు రాబర్ట్ వైట్‌హెడ్ ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంవాడు. అతడు ఆ పడవను ఎంత దిద్దినా అది అక్కరకు రాలేదు. చివరకు త్రాళ్ళనూ, నీటిపై తేలడాన్నీ రెంటినీ వదలుకొన్నాడు. ఉక్కుగొట్టంలో గాలిని బిగించి నింపి, ఆ గాలి బలంతో ప్రొపెల్లరును త్రిప్పి, యంత్రాన్ని నీటి అడుగున పంపినాడు. 1866 డిసెంబరులో ఆస్ట్రియా నౌకాదళాధికారుల ఎదుట దానిని చూపినాడు. వేగం గంటకు ఆరేడు నాటికల్ మైళ్ళు మాత్రమే. పోయే దూరం కొన్ని వందల గజాలు. కాని నడిపించే చేయి లేకుండా నీటిలో పోయే ఆయుధం పుట్టినది.

అందులో అసలు కష్టం వేగం కాదు, లోతు. నీటిలో దిగినకొద్ది పీడనం పెరుగుతుంది. ఆ పీడనం ఒక బిళ్ళను నొక్కి చుక్కానిని కదిలించేటట్లు చేస్తే యంత్రం తనకు నిర్ణయించిన లోతును తానే కనిపెట్టుకోవాలి. ఊహ బాగున్నది. కాని ఆచరణలో అది లోతు దిగి, సవరించుకొని పైకి లేచి, మరల దిగి, తాబేటికాయవలె మునుగుతూ తేలుతూ పోయినది. వైట్‌హెడ్ దానికి ఒక లోలకాన్ని జతచేసినాడు. ముక్కు క్రిందికి వంగగానే లోలకం ముందుకు ఊగి, పీడనం చేసే సవరణ మితిమీరకుండ ఆపినది. ఈ జోడింపుకు అతని యంత్రశాలలో ‘రహస్యం’ అనే పేరు స్థిరపడినది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం 15,000 పౌండ్లకు నిర్మాణపు హక్కులను కొన్నది. తక్కిన నౌకాదళాలు ఒకదానివెంట ఒకటి బారులు తీరినవి. తిన్నగా పోయే గుణం ఇంకా కొంతకాలానికిగాని అబ్బలేదు. తిరిగే బొంగరం తన నిలుకడను సులభంగా వదలదు అనే సంగతి పల్లెలోని పిల్లవానికి కూడ తెలుసు. ఆ బొంగరపు గుణాన్నే గైరోస్కోపు రూపంలో టార్పెడోలో పెట్టి 1890ల మధ్యకాలంలో లుడ్విగ్ ఓబ్రీ అనే ఆస్ట్రియా దేశీయుడు దారి తప్పని చుక్కానిని సాధించినాడు.

విశాఖపట్నం సముద్రతీరాన 2002నుండి ప్రదర్శనశాలగా నిలిచియున్న ‘కురుసుర’ జలాంతర్గామిలోనికి పోయి చూచినవారికి టార్పెడో గొట్టాలు గుర్తుండే ఉంటవి. వాటినుండి వెలువడేది ఎంత నవీనమైనదైనా, ఇన్ని దశాబ్దాల తరువాత కూడ అది సమాధానం చెప్పుకోవలసినవి వైట్‌హెడ్ నాటి ప్రశ్నలే: ఎంత లోతు? ఏ దారి? ఎప్పుడు ప్రేలడం?

మొదటి ప్రయోగాలు మహా ఘనమైనవి కావు. 1877లో పెరూ తీరాన బ్రిటిషు నౌక షా వదలిన టార్పెడో హువాస్కర్ అనే నౌకను తరిమి అందుకోలేకపోయినది. 1878 జనవరిలో నల్లసముద్రంలోని బాటూమి వద్ద రష్యా చిన్నపడవలు ఒక టర్కీ స్టీమరును ముంచినవి. 1891లో చిలీ అంతర్యుద్ధంలో బ్లాంకో ఎంకలాదా అనే ఉక్కుకవచపు నౌక లంగరువేసి ఉండగానే టార్పెడో తగిలి మునిగినది. అప్పటికి గొప్ప నౌకాదళాలకు గుబులు పట్టుకొన్నది. ఒక పెద్ద యుద్ధనౌకకు పెట్టే ధనంతో ఎన్నో టార్పెడో పడవలను కట్టవచ్చు. వాటిలో ఒక్కటి దరిజేరినా చాలు. ఆ పడవలను వేటాడడానికి బ్రిటిషువారు 1893నుండి వేగవంతమైన నౌకలను నిర్మించి వాటికి ‘టార్పెడో పడవల డిస్ట్రాయర్లు’ అని పేరు పెట్టినారు. పడవలు పోయినవి, పేరులోని మొదటి భాగం పోయినది, డిస్ట్రాయరు మిగిలినది.

1914 సెప్టెంబరు 22వ తేదీని మన పెద్దలు మద్రాసుతో ముడిపెట్టి చెప్పుకొనేవారు. ఆ రాత్రి జర్మను క్రూయిజరు ఎమ్డెన్ మద్రాసు రేవుమీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగులబెట్టినది. సర్కారు జిల్లాలకు, సీమకు రాజధాని అయిన పట్టణం అది. వార్త ఊరూరా ప్రాకినది. కాని ఆనాటి ఉదయమే, ఉత్తరసముద్రంలో, యుద్ధచరిత్ర దృష్ట్యా అంతకంటె ఎంతో పెద్ద సంఘటన జరిగినది. ఆటో వెడిగెన్ అధీనంలోని యు-9 అనే జర్మను జలాంతర్గామి అబూకిర్, హోగ్, క్రెస్సీ అనే మూడు బ్రిటిషు క్రూయిజర్లను గంటన్నరలోపల ముంచివేసినది. ఒక్కొక్క క్రూయిజరు 12,000 టన్నులది. జలాంతర్గామి నీటిపై 500 టన్నుల లోపుది. 1,459మంది ప్రాణాలు పోయినవి. అబూకిర్‌ను తాకినది ఏమిటో దాని కెప్టెనుకు తెలియలేదు. మైను తగిలినదనుకొని, మునుగుతున్నవారిని రక్షించడానికి తక్కిన రెండింటినీ దగ్గరకు రమ్మన్నాడు. అవి వచ్చినవి, వచ్చి నిలిచినవి.

అటుతరువాత టార్పెడో యుద్ధనౌకలతో తృప్తిపడలేదు. 1915 మే 7వ తేదీన లూసిటేనియా అనే ప్రయాణికుల నౌక ఒకే టార్పెడో దెబ్బకు 18 నిమిషాలలో మునిగి సుమారు 1,200మంది మరణించినారు. 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే, ప్రధానంగా జలాంతర్గాములవల్ల, 8 లక్షల టన్నులకు మించిన ఓడలు నష్టమైనవి. ఓడలను గుంపుగా కాపలాతో నడపడం మొదలుపెట్టినపిమ్మటగాని బ్రిటన్‌కు ఊపిరి తిరుగలేదు.

ఇంతటి అనుభవం తరువాత, రెండవ ప్రపంచయుద్ధం వచ్చేసరికి, ఈ ఆయుధం ఏ లోపమూ లేక పరిపక్వమై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. జరిగినది వేరు. 1939 అక్టోబరులో స్కాపాఫ్లో రేవులో చొరబడి రాయల్ ఓక్ యుద్ధనౌకను ముంచిన గుంటర్ ప్రీన్ అనే జర్మను కెప్టెను, 1940 ఏప్రిల్‌లో నార్వే తీరాన కదలక నిలిచియున్న ఓడలమీద టార్పెడోలు వదలి ఫలితం కానక వెనుదిరిగినాడు. ఓడ అడుగున అయస్కాంత ప్రభావంతో ప్రేలవలసిన సాధనం పనిచేయలేదు. లోతు కూడ తప్పినది: జలాంతర్గామి ఎక్కువసేపు మునిగి ఉన్నపుడు లోపలి గాలి పీడనం పెరిగి, ఆ గాలి టార్పెడోలోని లోతుపెట్టెలోకి జొరబడి లెక్కను చెరిపివేసినది. దీనిని కనిపెట్టేసరికి 1942 వచ్చినది.

అమెరికా కథ ఇంకా దీర్ఘమైనది. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ అదే నడిబొడ్డు. రోడ్ ఐలండులోని న్యూపోర్టు టార్పెడో కేంద్రంలో తయారైన మార్కు-14 అనే టార్పెడో ఒక్కొక్కటి సుమారు 10,000 డాలర్ల విలువ చేసేది. అంత ఖరీదైనదానిని పరీక్షకోసం పేల్చివేయడానికి, ఆర్థికమాంద్యపు రోజులలో, ఎవరికీ చేతులు రాలేదు. దానిలో అమర్చిన అయస్కాంతపు ప్రేలుడు యంత్రం మహారహస్యం. నిజమైన మందుతో నిజమైన ఓడమీద దాని మూలరూపాన్ని పరీక్షించినది 1926లో రెండేసార్లు. ఒకటి ప్రేలలేదు, ఒకటి ప్రేలినది. ఆ ఒక్కదాని బలంమీద పదునైదు సంవత్సరాలు గడిచినవి.

1941 డిసెంబరులో యుద్ధం రాగానే సార్గో అనే జలాంతర్గామి కెప్టెను టైరెల్ జేకబ్స్ జపాను ఓడలమీద 13 టార్పెడోలు వదలినాడు. ఒక్కటీ ఫలించలేదు. రేడియో మౌనాన్ని భంగపరచి మరీ తన అనుమానాన్ని పై అధికారులకు తెలిపినాడు. అతని వంటి కెప్టెన్లు పలువురు అదే మాట చెప్పినారు. ఆయుధాల శాఖ ఇచ్చిన సమాధానం ఒక్కటే: గురి సరిగా లేదు. కాదని నిరూపించడానికి కెప్టెను చేతిలో ఏమున్నది? టార్పెడో సముద్రం పాలు. ఓడ క్షేమంగా వెళ్ళిపోయినది. కొందరు కెప్టెన్లు పదవులనుండి తొలగింపబడినారు. కొందరు తమమీద తామే నమ్మకం కోల్పోయినారు.

ఈ వాదానికి తెర దించినది ఒక చేపల వల. ఆస్ట్రేలియాలో జలాంతర్గాములకు అధిపతిగా వచ్చిన చార్లెస్ లాక్‌వుడ్ 1942 జూన్‌లో ఆల్బనీ వద్ద సముద్రంలో జాలరుల వలను దింపించి దానిమీదికి మార్కు-14ను వదలించినాడు. 10 అడుగుల లోతున పోవాలని అమర్చిన టార్పెడో 25 అడుగుల లోతున వలను చించుకొని పోయినది. ఆయుధాల శాఖ మొదట ఆ పరీక్ష శాస్త్రీయం కాదని త్రోసిపుచ్చినది. లాక్‌వుడ్ మరల వల దింపించినాడు. ఆగస్టుకు శాఖవారు తమంతట పరీక్షించి, టార్పెడో నిర్ణీతపు లోతుకంటె సుమారు 10 అడుగులు క్రిందుగా పోతున్నదని ఒప్పుకొన్నారు. కారణాలు చిన్నవే. సాధనకు వాడిన ముక్కు తేలిక, యుద్ధంలోని ముక్కు బరువు. పీడనాన్ని కొలిచే భాగం తోకవైపు, నీరు వడిగా జారిపోతూ పీడనం తగ్గే చోట ఉన్నది. ఆ యంత్రానికి తాను నిజంగా ఎంత లోతున ఉన్నదో తెలిసే మార్గం లేదు.

లోతు దిద్దబడినది. దానితో రెండవ లోపం బయటపడినది: టార్పెడోలు ఓడను చేరకముందే ప్రేలసాగినవి. భూమి అయస్కాంతబలం అన్నిచోట్ల ఒక్కతీరున ఉండదు. న్యూపోర్టు సముద్రంలో సరిపోయిన అమరిక భూమధ్యరేఖ చెంత సరిపోలేదు. 1943 జూన్‌లో ఎడ్మిరల్ నిమిట్జ్ తన దళంలో ఆ సాధనాన్ని తీసివేయించినాడు. ఆస్ట్రేలియా విభాగంలో మాత్రం అది మరికొన్ని నెలలు కొనసాగినది. అక్కడి అధిపతి రాల్ఫ్ క్రిస్టీ యౌవనంలో దాని నిర్మాణంలో పాలుపంచుకొన్నవాడు. తాను పెంచిన బిడ్డ తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. కాని ఇక్కడ ఆ మమకారపు ఖర్చును భరించినది ఇతరులు.

మూడవ లోపం అన్నింటికంటె విచిత్రమైనది. 1943 జూలై 24వ తేదీన టినోసా అనే జలాంతర్గామి తోనన్‌మారు అనే 19,000 టన్నుల జపాను చమురునౌకను ఎదుర్కొన్నది. మొదటి దెబ్బలకు ఓడ కదలలేక నిలిచిపోయినది. కెప్టెను డాస్పిట్ వెయ్యి గజాలలోపు దూరాన, పాఠ్యపుస్తకంలో గీసినట్లు దాని ప్రక్కకు నిట్టనిలువుగా నిలిచి, ఒక్కొక్కటే తొమ్మిది టార్పెడోలు వదలినాడు. తొమ్మిదీ తాకినవి. ఒక్కటీ ప్రేలలేదు. మొత్తం 15 వదలినపిమ్మట ఆయన చేసిన పని మెచ్చదగినది: చివరి టార్పెడోను వదలక పరీక్షకోసం పర్ల్ హార్బరుకు మోసుకొని వచ్చినాడు. తొలిసారిగా సాక్ష్యం మునగకుండ ఒడ్డు చేరినది.

ఆపైన హవాయి దీవులలో టార్పెడోలను కొండచరియకు కొట్టి చూచినారు. మందు బదులు వేరొకటి నింపిన ముక్కులను 90 అడుగుల ఎత్తునుండి ఉక్కుపలకమీదికి జారవిడిచినారు. పలకకు తిన్నగా తగిలిన పదింటిలో ఏడు విఫలమైనవి. పలకను ఏటవాలుగా పెట్టినపుడు వైఫల్యాలు తగ్గినవి. తిన్నగా తగిలినపుడు దెబ్బ తీవ్రతకు, మందును రగిలించవలసిన సూది దారిలోనే ఒరసుకొని ఆగిపోతున్నది. కనుక గురి ఎంత చక్కగా కుదిరితే టార్పెడో ప్రేలకపోవడం అంత నిశ్చయం! గురి తప్పి వాలుగా తగిలినవి ప్రేలినవి. గురి సరిగా లేదని ఇరువది నెలలపాటు నింద మోసినవారిలో కొందరు, గురి మరీ సరిగా ఉండినందువల్లనే విఫలులైనారు. తేలికయైన లోహంతో కొత్త సూదులు చేయించగా 1943 శరత్కాలానికి చిక్కు విడిపోయినది. తరువాతి రెండేండ్లలో ఆ జలాంతర్గాములే జపాను వర్తకనౌకలలో అధికభాగాన్ని సముద్రం పాలు చేసినవి.

జపానువారి మార్గం వేరు. 1933లో రూపొందిన వారి 93వ రకం టార్పెడో గాలికి బదులు శుద్ధమైన ఆమ్లజనితో నడిచేది. 24 అంగుళాల వ్యాసం. 490 కిలోల మందు. వేగం తగ్గించుకొంటే 40 కిలోమీటర్ల దూరం. ఇతరులు ఆమ్లజని అపాయకరమని మానుకొన్నచోట వారు గొట్టాలలోని మలుపులను సరళంచేసి, జిడ్డు లేకుండ శుభ్రపరచి, మొదట గాలితో యంత్రాన్ని ప్రారంభించి క్రమంగా ఆమ్లజనిని వదలే పద్ధతిని సాధించినారు. 1942 నవంబరు 30వ తేదీ రాత్రి గ్వాడల్‌కెనాల్ దీవి సమీపాన తసఫరొంగా యుద్ధంలో ఇవి నాలుగు అమెరికా భారీ క్రూయిజర్లను తాకినవి. వాటిలో నార్తాంప్టన్ మునిగినది. జపాను నష్టపడినది ఒక్క డిస్ట్రాయరు. అంత దూరంనుండి టార్పెడో రాగలదని అమెరికను అధికారులు చాలకాలం నమ్మలేదు. ఏ జలాంతర్గామియో ఉండి ఉంటుందనుకొన్నారు. తమవద్ద లేనిది శత్రువువద్ద కూడ ఉండదనుకోవడం యుద్ధాలలో పరిపాటి.

ఆమ్లజనికీ ఒక ధర ఉన్నది. 1944 అక్టోబరులో సుజుయా అనే జపాను క్రూయిజరు దాపున పడిన బాంబు వేడికి దాని టార్పెడోలే అంటుకొని ప్రేలి దానిని ముంచినవి. యుద్ధానంతరం ఆమ్లజని బదులు గాఢమైన హైడ్రోజను పెరాక్సైడును వాడి చూచినవారికీ ఈ అనుభవం తప్పలేదు. 1955లో బ్రిటిషు జలాంతర్గామి సైడన్, 2000 ఆగస్టు 12వ తేదీన 118మందితో రష్యా జలాంతర్గామి కుర్స్క్ అట్టి ఇంధనం ప్రేలినందువల్ల నష్టమైనవి.

1943నుండి టార్పెడోకు చెవులు వచ్చినవి. ఓడ ప్రొపెల్లరు చప్పుడును వినుచు దానివెంట పోయే రకాలను ఆ సంవత్సరమే జర్మనులూ అమెరికనులూ ప్రయోగించినారు. చప్పుడు చేసే యంత్రాలను ఓడల వెనుక త్రాళ్ళతో లాగుతూ బ్రిటిషువారు ఆ చెవులను మోసపుచ్చినారు. తరువాత తీగద్వారా ఆజ్ఞలందుకొనే రకాలు వచ్చినవి. అయినా పాత సందేహం పోలేదు. 1982 మే 2వ తేదీన దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటిషు అణుజలాంతర్గామి కాంకరర్ అర్జెంటీనా క్రూయిజరు బెల్గ్రానోను ముంచినపుడు 323మంది మరణించినారు. కాంకరర్‌లో నవీనమైన టైగర్‌ఫిష్ టార్పెడోలు ఉన్నవి. కెప్టెను వాటిని నమ్మక, 1920లనాటి రూపకల్పన అయిన మార్కు-8ను ఎన్నుకొన్నాడు.

ఈ ఆయుధపు దెబ్బ మన నౌకాదళానికీ తెలుసు. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి అరేబియా సముద్రంలో డయ్యూ తీరానికి దూరాన పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ మొదట మన కృపాణ్‌మీద టార్పెడో వదలినది. అది ప్రేలలేదు. రెండవది ఖుక్రీని తాకినది. 18మంది అధికారులు, 176మంది నావికులు సముద్రంలో కలిసిపోయినారు. కెప్టెను మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరం జలాంతర్గామి ఒక యుద్ధనౌకను ముంచడం అదే ప్రథమం. ఒక సూది కదిలినందుకు ఒక ఓడ పోయినది. మరొక సూది కదలనందుకు మరొక ఓడ తిరిగి వచ్చినది.

అంతకు రెండేండ్ల ముందే, 1969లో, విశాఖపట్నంలో నౌకాదళ విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల నెలకొన్నది. మన దేశపు టార్పెడోలు రూపుదిద్దుకొనేది అక్కడనే. విద్యుచ్ఛక్తితో నడిచే భారీ టార్పెడో ‘వరుణాస్త్రం’ 2016లో నౌకాదళానికి అందినది. దానిని తయారుచేసేది భారత్ డైనమిక్స్ సంస్థ. సాధనకు వదలిన టార్పెడో పరుగు ముగియగానే నీటిపైకి తేలుతుంది. దానిని వెదకి తెచ్చే పని కోసమే ‘అస్త్రధారిణి’ అనే నౌక 2015లో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరినది. తెచ్చిన టార్పెడో గర్భంలోని పరికరాలు అది పోయిన లోతునూ, దారినీ, వేగాన్నీ చెబుతవి. అయితే ఆ సాధన ముక్కులో మందు ఉండదు. న్యూపోర్టువారు మోసపోయినది సరిగా అక్కడనే. మందు నింపినదానిని వెదకి తెచ్చే ప్రసక్తి లేదు. దానిని ఒక లక్ష్యంమీదికి నిజంగా వదలి పేల్చవలసినదే. 2023 జూన్ 6వ తేదీన మన నౌకాదళం స్వదేశంలో రూపొందిన భారీ టార్పెడోను నీటి అడుగున ఉంచిన లక్ష్యంమీద ప్రయోగించినది. అది తాకినది, ప్రేలినది.